గాలితిత్తికి పారాణి

తెప్ప కట్టిన నూట పన్నెండో ఏడు, పడమటి గాలి నెల, ఐదో రోజు

ఈ పొద్దున కళ్ళు తెరిచేసరికి వీపు కింద నేల వెచ్చగా ఉంది.

మా తెప్పలో నేల చల్లగా ఉండాలి. లేచి పాదం మోపితే జివ్వుమనాలి. పైన ఇళ్ళకన్నా పెద్దవైన గాలితిత్తులు, వాటికి మోకులతో వేలాడే మా ఇళ్ళు, పసుపు మడులు, బడి, అన్నీ మబ్బుల మీద తేలుతుంటాయి. కింద ఏముందో చూసి తిరిగొచ్చినవాడు లేడు. సీసం కరిగి పారేంత వేడి అని మాత్రం పాఠంలో ఉంది. నేల వెచ్చబడిందంటే తెప్ప దిగిందని. తెప్ప దిగిందంటే ఏదో తిత్తి కారుతోందని.

"అప్పా, లెగు. నేల కాల్తంది," అన్నాను.

మా అప్ప అప్పలనర్సి చెంప నేలకు ఆనించి చూసింది. "బాగున్నాది. ఇన్నాల్లకి పక్క ఎచ్చబడింది. కాసేపు తొంగోనీ," అని ముసుగు తన్నింది. ఆ ముసుగులోంచే, "తూరుపు తిత్తి పోతంది," అంది.

"నీకెలా తెలుసు?"

"గిన్నెలో నీల్లు ఏపుకి ఒరిగినాయో సూడు. రాతలు రాస్తావు, నీల్లు సూడవేటి?"

చూశాను. తూర్పుకే ఒరిగాయి.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ అక్కే, మా అప్పే. తిత్తులకు లోపలివైపు సున్నం పూసే గుంపులో పని చేస్తుంది. బయట కురిసే మంటమంచు తోలును కొరుక్కుతింటుంది, సున్నం దాన్ని విరుస్తుంది. నేను మాత్రం పిలుపుపెద్ద జోగినాయుడు గారి దగ్గర చదువుకుంటున్నాను. కుర్రకారులో ఎవరికి పనితనం ఉందో కనిపెట్టి, ఏటేటా ఎత్తరుగు మీద వాళ్ళ పేర్లు పిలవడం ఆయన పని. పిలుపు అందినవాళ్ళు పనికి పెద్దలవుతారు. ఇరవై నిండేలోగా అందనివాళ్ళు అడుగంతస్తులో ఆవిరి కొలిముల దగ్గరికి దిగిపోతారు, మళ్ళీ పైకి రారు. అప్పకు ఈ ఏడుతో ఇరవై నిండుతాయి.

మాట పదును పడాలంటే రోజూ ఒక పుట రాయమని గురువుగారు చెప్పారు. ఆయనకు చూపించే పుట వేరు. ఇది నాది.

ఆరో రోజు

నేల ఇంకాస్త వేడెక్కింది. పసుపు మడులలో ఆకులు వడిలాయి.

కోపం, కసి, కక్ష, పగ. ఈ నాలుగూ ఒకటే అనుకునేదాన్ని. కావు. కోపం పొంగి చల్లారుతుంది. కసి పళ్ళలో ఉంటుంది. కక్ష పదిమంది కలిసి కూడా పెట్టుకోవచ్చు. పగ మాత్రం ఒక్కరిదే. ఊరగాయలాగా మూత పెట్టి, తడి తగలకుండా కాపాడుకోవాలి. నాది పగ. జోగినాయుడు గారి మీద.

ఆయన పెట్టే పరీక్షను నేను మొదటిసారి చూసిన రోజు చిన్నపిల్లను, పెద్దవాళ్ళ కాళ్ళ మధ్యలోంచి చూశాను. తూర్పు తిత్తికి ఆయన స్వయంగా కత్తితో ఒక గాటు పెడతారు. గాలి బుసబుసమంటూ పోతుంది. ఎవరు త్వరగా కుడితే వాళ్ళది పిలుపు. "ఉత్త గుడ్డ కుడితే సెయ్యి ఒణకదు. పేనం ఉన్న తిత్తిని కుట్టినప్పుడే మడిసి తెలుస్తాడు," అంటారు. గెలిచినవాడి కుట్టు పక్కన ఎర్ర రంగుతో పేరు రాస్తారు. వాటిని పేరుకుట్లు అంటాం. చిన్నపిల్లలు అటుగా పోతూ దణ్ణం పెడతారు.

ఆ రోజు సూది అందుకున్న అప్ప కుట్టలేదు. తలెత్తి అడిగింది.

"నాయుడుబావూ, ఇది కన్నవా? నీ కత్తి గాటు. నువ్వు సూపించిన సోట కుట్టడానికి నానేల? నిజం కన్నం ఎక్కడుంటాదో అది ఎతకమను, సూద్దుము."

జనం నవ్వారు. జోగినాయుడు గారు నవ్వలేదు. "నోరు పెద్దది, సెయ్యి సిన్నది. తరవాతోలు రండి," అన్నారు. అప్పటినుంచి అప్ప పేరు పెద్దనోరు. మరో ఏడు మళ్ళీ వెళితే ఆయన సూదే ఇవ్వలేదు. ఆ సాయంత్రం అప్ప ఇంటికొచ్చి, నాకు జడ వేస్తూ, ఎప్పుడూ లేనంత గట్టిగా బిగించింది. నొప్పి పుట్టినా నేను కదల్లేదు. పగకు మూత పెట్టింది అప్పుడే. నేను ఆయన దగ్గర శిష్యరికం అడిగింది కూడా అందుకే.

ఎనిమిదో రోజు

ఇవాళ నేల మీద వట్టి కాళ్ళతో నడవలేకపోయాం. గోనెపట్టాలు కట్టుకున్నాం.

ముక్కుపెట్టెలు తెచ్చారు. మంటమంచు పులుపు పసిగట్టి కూసే యంత్రాలు అవి. తూర్పు తిత్తిలో ఎక్కడ పెట్టినా కూస్తూనే ఉన్నాయి. వందేళ్ళు దాటిన తోలు, నిలువెల్లా పులుపెక్కింది. పెట్టె కూసిన చోటల్లా బంగారునాయుడు కుట్టుకుంటూ పోతున్నాడు. పోయినేడు పిలుపులో మొదటి పేరు అతనిదే. చెయ్యి చాలా వేగం, ఒప్పుకోవాలి. కన్నం లేనిచోట అంత చక్కగా కుట్టడం నేనెక్కడా చూడలేదు.

"సక్కగున్నాది బావూ, రవికెకి అంచేసినట్టున్నాది," అంది అప్ప కిందనుంచి, సున్నపు తట్ట నెత్తిన పెట్టుకుని.

"పెద్దనోరూ, నీ పని నువ్వు సూసుకో."

"నా పనేటి, నువ్వు పొడిసిన కన్నాలకి సున్నం రాయడవేగా. పొడు, పొడు."

గుంపులో ఆడవాళ్ళు పకపక నవ్వారు. బంగారునాయుడి చెవులు ఎర్రబడ్డాయి.

దూరంగా పాలవెల్లి తెప్ప దీపాలు కనబడుతున్నాయి. గాలి కలిసొస్తే ఎన్నో ఏళ్ళకు ఒకసారి రెండు తెప్పలు పక్కపక్కన కట్టుకుంటాయి. అప్పుడు ఒక ఆచారం ఉంది. ఒక్కో తెప్ప అవతలి తెప్పనుంచి ఒక మనిషిని అడుగుతుంది. ఎందుకు కావాలో అందరూ వినేలా చెప్పి మరీ అడగాలి. పిలుపు అందినవాళ్ళను అడగకూడదు. అందని మనిషిని అడిగితే, ఆ మనిషి సరేనంటే, కాదనకూడదు. మామూలుగా పెళ్ళికూతురినో వంటవాడినో అడిగి, సంబరం చేసుకుని, విడిపోతారు. వెళ్ళినవాళ్ళను మళ్ళీ చూడటం ఉండదు.

ఈ ఆచారం గురించి నేను ఇదివరకు ఆలోచించలేదు. ఇవాళ ఆలోచించాను.

పదో రోజు

అడుగంతస్తులో ఇద్దరు వేడికి పడిపోయారు. ఇంకొంచెం దిగితే మోకులే తెగుతాయని పెద్దలు గుసగుసలాడుకుంటున్నారు.

పొద్దున అప్ప నా పసుపు వాటా అడిగింది. "నీదీ ఇయ్యే. మొత్తం గుంపందరివీ అడిగినాను."

"ఎందుకు?"

"పెల్లి."

"ఎవరికి?"

"తిత్తికి."

సున్నపు తొట్టిలో పసుపంతా కుమ్మరించి కలిపింది. చూస్తుండగానే ఎర్రగా మారింది. పారాణి. పెళ్ళికూతురి పాదాలకు పూసేదే. ఆ మాట ఎంత బాగుంటుందో అనుకున్నాను, కానీ నోటితో అనలేదు, అప్ప చేతులు అంత వేగంగా కదులుతున్నాయి. గుంపు మొత్తం తూర్పు తిత్తి లోపల నిచ్చెనలెక్కి పారాణి పూసింది. తిత్తి లోపల తెల్లగా ఉండే ఆకాశం ఎర్రబడింది.

"పెల్లికూతురికి మొగుడెవుడే?" అని ఒకావిడ అరిచింది.

"వొచ్చినోడు ఏలిముద్ర ఏత్తాడు, సూత్తుండు," అంది అప్ప.

పారాణికి పులుపు తగిలితే ఎరుపు విరిగి మళ్ళీ పసుపు అవుతుంది. ఒకసారి వంటింట్లో నిమ్మరసం ఒలికితే అప్ప అది చూసింది. చూసి ఊరుకోలేదు, అంతే తేడా. పాత తోలులో పులుపు ఊరికే ఉంది, పారాణిని కొంచెం వెలవెల పోగొట్టింది. కానీ బయటినుంచి మంటమంచు కొత్తగా దూరే చోట, పచ్చగా, పువ్వు విచ్చుకున్నట్టు మచ్చ లేచింది. ఒకటి. పక్కన ఇంకొకటి. వరసగా.

గుంపంతా నిచ్చెనలు జరుపుకుని ఆ వరస వెంట చూసింది.

మచ్చలన్నీ పేరుకుట్ల చుట్టూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి పరీక్షల్లో గెలిచినవాళ్ళ కుట్లు. పేరు చెరిగిపోతుందని వాటి మీద సున్నం పూయనివ్వరు. అందుకని మంటమంచు ఆ దారాలనే తింటూ వచ్చింది. అన్నిటికన్నా పెద్ద మచ్చ బంగారునాయుడి పేరు చుట్టూ ఉంది. అతని పేరు పసుపులో మెరిసిపోతోంది.

అప్ప నిచ్చెన మీద కూర్చుని ఒక మచ్చ అంచును వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అంది. "ఈలు మనల్ని ఏరడానికి పొడిసిన పోట్లేనే, మన్ని ముంచేత్తన్నాయి."

జోగినాయుడు గారికి కబురు వెళ్ళింది. వచ్చారు. చూశారు. ముఖం పాలిపోయింది. "బయట అనకండి. పేరుకుట్లు మాటకొస్తే తెప్పకి పరువు పోద్ది. బంగారునాయుడు మళ్ళీ కుడతాడు. మీరు రంగు కడిగీండి," అన్నారు. అప్ప వైపు ఒక్కసారైనా చూడలేదు.

పదకొండో రోజు

మచ్చలు లేచిన చోటల్లా బంగారునాయుడు రాత్రికి రాత్రే కుట్టాడు, తెప్ప పైకి లేచింది. నేల చల్లబడింది. పాదం మోపితే జివ్వుమంది. పిల్లలు వట్టి కాళ్ళతో పరుగెత్తి అరుస్తున్నారు.

బడి దగ్గర అందరినీ పోగుచేసి, కన్నాలు కనిపెట్టినవాడు బంగారునాయుడని జోగినాయుడు గారు చెప్పారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, తెప్పను కాపాడినందుకు అతని పేరు ఈ ఏడూ పిలుస్తామని, మూడు రోజుల్లో జరిగే పిలుపు కోసం అతని గురించి నాలుగు మంచి వాక్యాలు రాయమన్నారు. "నీకు మాట బాగా కుదుర్తాదమ్మా తవిటమ్మా. కళ్ళకి కట్టినట్టు రాయి," అన్నారు.

రాశాను. చక్కగా వచ్చాయి. అంత చక్కగా వచ్చినందుకు నా చెయ్యి విరిచేసుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి అప్పతో చెప్పాను. "ఒగ్గేయే. తెప్ప నిలబడింది, సాలు," అంది. అని, గోరు మూలల్లో ఎరుపు పోవడం లేదని రాయితో రుద్దుకుంటూ కూర్చుంది. ఒగ్గేసిన మనిషి అలా రుద్దుకోదు.

పన్నెండో రోజు

పాలవెల్లి తెప్ప కట్టుకుంది. రెండు తెప్పల మధ్య తాళ్ళ వంతెన వేశారు. వాళ్ళ తరఫున అడిగే మనిషి రాజవ్వ. ముసలావిడ, గొంగడి కప్పుకుని, చుట్ట తాగకుండా ఊరికే నోట్లో పెట్టుకుని నములుతుంది. చుట్టం మర్యాద నాకు అప్పగించారు. నీళ్ళు ఇచ్చాను.

"బిడ్డా, మీ తెప్పల ఎవల్ని ఎక్కువ తిడతరు?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. "తిట్టడమా?"

"మీరు పొగిడేటోళ్ళ పేర్లు మీ పెద్దమనిషి ఎట్లనో పిలిపిస్తడు. గవి నాకెందుకు? పనికిరానోళ్ళని ఎవ్వలు తిట్టరు, పక్కకు పెడ్తరు గంతే. పనొచ్చి నోరు మూసుకోనోళ్ళనే తిడతరు. నన్ను గూడ మస్తు తిట్టిండ్రు."

ఇన్నేళ్ళు మూత పెట్టిన జాడీ అక్కడ తెరిచాను. పరీక్ష, కత్తి, గిన్నెలో నీళ్ళు, పారాణి, పచ్చమచ్చలు, బంగారునాయుడి మీద నేను రాసిన నాలుగు వాక్యాలు, అన్నీ చెప్పాను. చెబుతుంటే ఎంత హాయిగా ఉందో. ఆయన కనిపెట్టలేని మనిషిని ఇంకో తెప్ప పట్టుకుపోవాలి, ఎందుకో అందరి ముందూ చెప్పి మరీ పట్టుకుపోవాలి. ఇదే నాకు కావలసింది.

రాజవ్వ లేచి తిన్నగా సున్నపు కొట్టానికి నడిచింది. అందరూ చూస్తుండగా అప్ప చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. అరచేతుల గీతల్లో ఇంకా ఎరుపు ఉంది.

"మా తిత్తులు మీ వాటికన్న ముసలియి. కుట్టేటోళ్ళు మాకు ఉన్నరు. ఏడ కుట్టాల్నో చెప్పేటోళ్ళు లేరు. గుంపు నీది, మాట నీది. వస్తవా?"

అప్ప నా వైపు చూసింది. నేను నవ్వుతున్నాను. ఆ నవ్వు చూసి అప్పకు అంతా అర్థమైంది.

ఇంట్లో తలుపు వేసి మరీ అడిగింది. "నన్నడక్కుండ బేరం పెట్టీసినావేటే?"

"నీకోసమే కదా."

"నాకోసం? నీ పగ తీరడానికి నాను పరాయి తెప్పకి పోవాల. మల్లీ రాను, తెలుసా? నీకు జొరవొత్తే ఎవులు సూత్తారు? ఆలోసించినావా? నాయుడుబావు మొకం ఎలగ మాడిపోద్దో, అదొక్కటే ఆలోసించినావు."

నిజం. అదొక్కటే ఆలోచించాను. అప్ప లేని ఇల్లు అప్పుడు మొదటిసారి కళ్ళకు కట్టింది. ఖాళీ పక్క, ఒకటే గిన్నె. ఏడ్చాను. అప్ప ఏడవలేదు. అన్నం కలిపి నా ముందు పెట్టింది.

తింటుండగా, ఎటో చూస్తూ అడిగింది. "ఆల తిత్తులు ఎన్నంటావు?"

పదమూడో రోజు

రేపే పిలుపు. పిలుపు ముగియగానే అడిగే వేళ.

ఇవాళ మధ్యాహ్నం జోగినాయుడు గారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రాలేదు. చేతిలో ఆకు పొట్లం, అందులో నువ్వుండలు. చాప మీద కూర్చున్నారు. రాజవ్వ అప్ప చేతులు పట్టుకున్న సంగతి తెప్పంతా తెలిసిపోయింది కదా, ఎందుకొచ్చారో నాకు తెలుసు. పిలుపు అందిన మనిషిని రాజవ్వ అడగకూడదు.

"అప్పలనర్సమ్మా, రేపు పిలుపులో మొదటి పేరు నీదే. ఆ ఎనక్కాలే బంగారునాయుడు."

అప్ప నువ్వుండ కొరికింది. "అవునా బావూ?"

"సిన్నప్పుడే సూసినాను నీలో. ఇది మామూలు గుంట కాదనుకున్నాను. సమయం రావాల గదా మరి."

"ఎక్కడ సూసినావు బావూ?"

"ఆ?"

"నాలో సూసినానన్నావు గదా. ఎక్కడ, ఏటి సూసినావు? సెప్పు, ఇంటాను."

ఆయన నోరు తెరిచారు. మూశారు. గోడ వైపు చూశారు, నా వైపు చూశారు, నాలుగు మంచి వాక్యాల కోసం చూస్తున్నట్టు. నేను ఇవ్వలేదు. ఇంట్లో నువ్వుండ నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళలో నాకు దొరికిన అన్నిటికన్నా తీపి ఆ నిమిషమే.

లేస్తూ, "అన్నీ మనసులో ఎట్టుకోకూడదమ్మా. పిలుపు పిలుపే. పేరు పిలిస్తే 'ఉన్నాను' అంటావు, అంతే గదా," అన్నారు. గుమ్మం దగ్గర ఆగి నాతో, "నా గొంతు పోయింది తవిటమ్మా. రేపు పేర్లు నువ్వే పిలవాల," అన్నారు.

ఆయన వెళ్ళాక అప్ప మిగతా నువ్వుండలన్నీ తినేసింది. నేను ఆగలేక అడిగాను. "అప్పా, ఇన్నాళ్ళూ నీకు కావలసింది అదే కదా. మొదటి పేరు. అడుగంతస్తు తప్పుతుంది. ఇక్కడే ఉండచ్చు. మనం ఇద్దరం."

"అవును. దానికోసం ఎన్నాల్లు సూసినానో నీకు తెల్దు."

"మరి?"

"ఇచ్చినోడు ఎవుడో సూసినావు గదా. నన్ను అట్టే ఎట్టుకోడానికి ఇత్తన్నాడు. నానేటో తెలిసి కాదు." వేళ్ళు నాక్కుంది. "మూడు సార్లు పిలిచినా పలకకపోతే ఏటవుద్దే?"

ఆ నియమం మాకు పాఠంలో ఉంది. పేర్లు ఖాయమయ్యాక చచ్చిపోయినవాళ్ళ కోసం పెట్టినది. మూడు సార్లు పిలిచి, జవాబు రాకపోతే ఆ పేరు జారిపోయినట్టు. బతికున్నవాళ్ళెవరూ పలకకుండా ఊరుకోలేదు ఇంతవరకూ. పేరు జారిపోతే ఆమెను అడగచ్చు. అడిగేటప్పుడు ఎందుకో చెప్పాలి. పేరుకుట్ల చుట్టూ పచ్చమచ్చల సంగతి రాజవ్వ తన గొంతుతో, రెండు తెప్పల జనం ముందు చెబుతుంది. కడిగించిన పారాణి మళ్ళీ అందరి కళ్ళకూ పూస్తుంది.

"నేను నీ పేరు ఎగ్గొట్టేస్తాను అప్పా. పిలవనే పిలవను. అప్పుడు నీకు ఇబ్బంది ఉండదు."

"తప్పు. నువ్వు ఎగ్గొడితే అది నీ పొరపాటంటారు. నాను పలకకపోతే అది నా మాట. నువ్వు పిలు. గట్టిగా పిలు. అందరికీ తెలవాల, నాను 'ఉన్నాను' అన్లేదని."

"తెప్ప సంగతి?"

"గుంపులో అందరికీ కలపడం వొచ్చు. ఎరుపు ఎప్పుడు ఇరుగుద్దో తెలుసు. పేరుకుట్ల మీద సున్నం రాయకపోతే నాను అట్నించే తిడతానని సెప్పినాను." నా జడ చేతిలోకి తీసుకుని విప్పి, మళ్ళీ వేయడం మొదలుపెట్టింది. ఈసారి వదులుగా. "నీ పగ నీకు తీరుద్ది. నాకు తిత్తులు దొరుకుతాయి. సరేనా? ఏడవకు, జడ సరిగ్గా పడదు."

అప్ప ఇప్పుడు మూట కడుతోంది. పెద్ద మూటేమీ కాదు. నేను రేపటి సంగతి రాసుకుంటున్నాను.

పొద్దున దీపాలు వెలగకముందే లేవాలి. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి, గొంతు జీరపోకూడదు. ఎత్తరుగు మీద ఎడమవైపు నిలబడాలి, అక్కడినుంచి జోగినాయుడు గారి ముఖం బాగా కనబడుతుంది. అప్ప మొదటి వరసలో ఉంటానంది, పెదవులు కదలలేదని అందరూ చూడటానికి. మొదటిసారి మామూలుగా పిలుస్తాను. రెండోసారి ఇంటిపేరుతో కలిపి, వంతెన అవతలికి కూడా వినిపించేలా పిలుస్తాను. మూడోసారి చాలా జాగ్రత్తగా ఉండాలి, నోట్లోంచి 'అప్పా' అని రాకూడదు. పేరే రావాలి, ఒక్క అక్షరం మింగకుండా. ఆ తర్వాత తొందరపడి బంగారునాయుడి పేరుకు పోకూడదు. ఆగాలి. జోగినాయుడు గారు తల తిప్పి, ఇక చాలు అన్నట్టు నా వైపు చూసేదాకా ఆగాలి. చూశాక ఇంకాస్త ఆగాలి.